ఖాత్: వాడిపోయేలోపు నమలాల్సిన ఆకు, దాని చుట్టూ అల్లుకున్న ఆరోగ్యం, నీళ్లు, డబ్బు

2024 మే నెలలో కెన్యాలోని మొంబాసా, కిలిఫీ వంటి తీరప్రాంత కౌంటీలు 'ముగూకా' అనే ఆకు అమ్మకాన్ని నిషేధించాయి. పిల్లలు పాడైపోతున్నారని అక్కడి గవర్నర్లు కారణం చెప్పారు. కొద్ది రోజులకే దేశాధ్యక్షుడు విలియం రూటో ఆ నిషేధాలు చెల్లవని ప్రకటించారు. జాతీయ చట్టం ప్రకారం అది పంట, పంట అమ్మకాన్ని కౌంటీలు ఆపలేవన్నది ప్రభుత్వ వాదన. ముగూకా అంటే ఉత్సాహం కోసం నమిలే ఖాత్ ఆకులో ఒక రకమే. ఇదే ఆకు బ్రిటన్‌లో దొరికితే మాదకద్రవ్యాల కేసు. సౌదీలో దొరికితే కఠిన శిక్ష. యెమెన్ రాజధాని సనాలో మాత్రం మధ్యాహ్నం భోజనం కాగానే వీధి వీధినా అమ్మే సరుకు.

ఒక్క ఆకు మీద ఇన్ని తీర్పులు ఎందుకో తెలియాలంటే "ఇది మత్తుమందా, కాదా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం దండగ. కోసిన రెండు మూడు రోజుల్లో ఈ ఆకు సత్తువ పోతుంది. ఖాత్ వల్ల వచ్చే లాభాలూ నష్టాలూ చాలావరకు ఈ ఒక్క గుణానికే ముడిపడి ఉన్నాయి.

## చెట్టు, ఆకు, నమిలే తీరు

ఖాత్ శాస్త్రీయ నామం కాథా ఎడ్యులిస్. మన ఆయుర్వేదంలో వాడే మాలకంగుని తీగదీ ఇదే కుటుంబం. ఎర్రసముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్న ఎత్తైన కొండ నేలల్లో ఇది బాగా పెరుగుతుంది. పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి: యెమెన్‌లో కాత్, ఇథియోపియాలో చాట్, కెన్యా మేరు కొండల్లో మిరా. 1763లో యెమెన్‌లోనే కన్నుమూసిన వృక్షశాస్త్రవేత్త పీటర్ ఫోర్స్‌కాల్ రాసుకున్న వివరాలు 1775లో అచ్చయ్యాక యూరప్‌కు ఈ మొక్క తెలిసింది. స్థానికులు అప్పటికే కొన్ని శతాబ్దాలుగా నములుతున్నారు.

మామూలుగా వదిలేస్తే ఇది పెద్ద చెట్టవుతుంది. రైతులు కొమ్మలు కత్తిరిస్తూ పొట్టిగా ఉంచి, చిగుళ్లను, లేత రెమ్మలను కోస్తారు. యెమెన్‌లో ఒక్కో ఆకూ తుంచి, వేళ్లతో దుమ్ము తుడిచి, నమిలి రసం మింగుతారు. పిప్పిని ఒక పక్క పుక్కిట పెట్టుకుని, దానికే కొత్త ఆకులు చేరుస్తూ పోతారు. సాయంత్రానికి ఆ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంటుంది. కెన్యాలో లేత కాడల బెరడు పళ్లతో ఒలిచి నములుతారు. వగరు తెలియకుండా బబుల్‌గమ్మో, కూల్‌డ్రింకో తోడు ఉంటుంది. ఒక విడతలో ఒక మనిషి నమిలే ఆకు సుమారు 100 నుంచి 200 గ్రాములు, పట్టే సమయం మూడు నాలుగు గంటలు.

## ఆకులో ఉన్నదేమిటి, గడియారం ఎక్కడ మొదలవుతుంది

ఉత్సాహం ఇచ్చే అసలు పదార్థం కాథినోన్. ఐక్యరాజ్యసమితి ప్రయోగశాల దీన్ని 1975లో వేరు చేసింది. అంతకు ముందు దొరికిన కాథీన్‌నే అసలు పదార్థం అనుకునేవారు. అలా అనుకోవడానికి కారణం ఉంది: ప్రయోగశాలకు చేరేసరికే ఆకు ఎండిపోయేది. కోసినప్పటి నుంచి ఆకులోని కాథినోన్ బలం తక్కువైన కాథీన్‌గా, నోర్‌ఎఫెడ్రిన్‌గా మారుతూ పోతుంది. రెండు మూడు రోజులు గడిచిన ఆకులో చాలావరకు మిగిలేది ఇవే. అందుకే కట్టలను తడి గుడ్డలో, అరటి ఆకులో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి తేమ పోకుండా కాపాడతారు. త్వరగా ఎండబెట్టిన ఆకులో కాథినోన్ కొంత నిలుస్తుంది కాబట్టి ఎండు ఆకంటే ఉత్త ఆకే అనుకోవడమూ పొరపాటే.

కాథినోన్ నిర్మాణం ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందుకు దగ్గర చుట్టం. మెదడులో డోపమిన్, నరాల చివర్లలో నోర్‌అడ్రినలిన్ అనే ఉత్తేజక రసాయనాలను విడుదల చేయిస్తుంది. ఆకలి తగ్గుతుంది, నిద్ర పోతుంది, మాట పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది.

మోతాదు లెక్క ఒకటి వేసి చూద్దాం. తాజా ఆకులో కాథినోన్ రకాన్ని బట్టి చాలా మారుతుంది. 100 గ్రాములకు 36 మిల్లీగ్రాములు అన్నది తరచు వాడే సగటు. 200 గ్రాముల ఆకు నమిలితే 72 మిల్లీగ్రాములు. బాగా నమిలితే అందులో పదింట తొమ్మిది వంతులు బయటికి వస్తుందని ప్రయోగాల్లో తేలింది, అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. ఇది ఒక్కసారిగా ఒంటికి పట్టదు. గంటల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. రక్తంలో మోతాదు శిఖరానికి చేరడానికి రెండు గంటలకు అటూ ఇటూ పడుతుంది. ఇంకా కావాలంటే ఇంకా నమలాలి, నోటికీ కడుపుకూ ఒక హద్దు ఉంది. ఆకు రూపంలో ఖాత్‌కు ప్రాణాంతక మోతాదు చేరడం అరుదు కావడానికి కారణం ఈ హద్దే.

ఆ హద్దును చెరిపేసినవి ఫ్యాక్టరీ కాథినోన్లు. హైదరాబాద్ శివార్లలో తయారీ కేంద్రాలు పట్టుబడ్డ వార్తల్లో వినిపించే మెఫెడ్రోన్ ఈ కోవదే. ఆకుకూ ఆ పొడికీ రసాయన బంధుత్వం ఉంది గానీ రెండింటి ప్రమాదం ఒకటి కాదు. పొడిలో గంటల తరబడి నమలడం లేదు, కడుపు నిండడం లేదు, ఒక్క పీల్పులో మోతాదంతా ఒంట్లోకి దిగుతుంది. వార్తల్లో ఈ రెండూ తరచు కలిసిపోవడం వల్ల ఆకును అతిగా భయపెట్టేవాళ్లూ, పొడిని తేలిగ్గా తీసుకునేవాళ్లూ తయారవుతున్నారు.

## ఒంటికి జరిగేది

రోజూ నమిలేవాళ్లు డాక్టరు దగ్గర ముందుగా చెప్పుకునే బాధలు చిన్నవే: మలబద్ధకం, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, నోరెండిపోవడం. ఆకులోని వగరు పదార్థాలైన టానిన్లు పేగుల కదలికను మందగింపజేస్తాయి, పైన కాథినోన్ కూడా అదే పని చేస్తుంది. నిద్రలేమి వెనక కాథీన్ ఉంది. కాథినోన్ ఒంట్లోంచి తొందరగానే పోతుంది కానీ కాథీన్ చాలాసేపు ఉంటుంది. సాయంత్రం ఆరింటికి పిప్పి ఊసేసినా అర్ధరాత్రి దాకా కన్ను మూతపడదు. తెల్లారి బద్ధకం, చిరాకు. వాటికి విరుగుడుగా మళ్లీ మధ్యాహ్నం ఆకు. పుక్కిట పెట్టే పక్కన నోటి లోపలి చర్మం తెల్లబారి మందమవుతుంది. గర్భిణులు నమిలితే పుట్టే బిడ్డ బరువు తగ్గుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. తల్లి ఆకలి చచ్చిపోయి తిండి తగ్గడమూ ఇందులో ఒక భాగం.

గుండె సంగతి వేరు. అది చిన్న బాధ కాదు. 2005లో యెమెన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో చాలా ఎక్కువ నమిలేవారికి గుండెపోటు ముప్పు 39 రెట్లు కనిపించింది. ఈ అంకెను ప్రతి వ్యాసమూ ఎత్తి రాస్తుంది. చూసిన రోగుల సంఖ్య తక్కువ కాబట్టి 39 అన్న అంకెను గట్టిగా పట్టుకోకూడదు. పైగా ఖాత్ నమిలేవాళ్లలో చాలామంది ఆ కూర్చున్నసేపూ సిగరెట్లో హుక్కానో పీలుస్తారు. ఏది దేని పాపమో విడదీయడం కష్టం. నా దృష్టిలో అంతకంటే బలమైన సాక్ష్యం సమయానిది. మామూలుగా గుండెపోట్లు తెల్లవారుజామున, ఉదయంపూట ఎక్కువ. ఖాత్ నమిలే యెమెనీలలో అవి మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వైపు జరిగాయని అదే వైద్య బృందం గమనించింది. రక్తపోటు, నాడి పెరిగి ఉండేది సరిగ్గా ఆ వేళలోనే. పొగ ఒక్కటే కారణమైతే గడియారం ఇలా జరగనక్కర్లేదు.

ఇక పురుగుమందులు. టమాటాను కడుగుతాం, వంకాయను వండుతాం. ఖాత్‌ను కడగరు, వండరు. చిగురు మచ్చ లేకుండా ఉంటేనే ధర కాబట్టి రైతు మందు కొడతాడు, ధర బాగున్న రోజున అవశేషాలు తగ్గేదాకా ఆగకుండా కోసేస్తాడు. ఆకు వాడిపోకముందే సాయంత్రానికి ఒకరి పుక్కిట్లో ఉంటుంది. తాజాదనం కోసం పడే ఈ తొందర వల్ల, ఖాత్‌కు సంబంధం లేని విషం కూడా ఖాత్‌తోపాటే ఒంట్లో చేరుతోంది.

## బానిసత్వమా, అలవాటా

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2006లో ఖాత్ ఆకును పరిశీలించి, అలవాటుపడే గుణం తక్కువని, అంతర్జాతీయ నియంత్రణ కిందికి తేనక్కర్లేదని చెప్పింది. నమలడం ఆపేసినవారికి కొద్ది రోజులు నీరసం, పీడకలలు, కొద్దిపాటి వణుకు ఉంటాయి. సారాయి మానేసినప్పటిలా ప్రాణం మీదికి రావడం ఉండదు. మరో పక్క సోమాలియా ప్రాంతంలో పనిచేసిన మనోవైద్య పరిశోధకులు చూపించింది ఇంకో ముఖం. అక్కడ యుద్ధం చూసిన మాజీ సైనికుల్లో కొందరు మధ్యాహ్నం విడతతో ఆగక రాత్రీ పగలూ నమిలే స్థితికి వచ్చారు, వారిలో అనుమానాలు, భ్రమలు ఎక్కువగా కనిపించాయి. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. నలుగురితో కూర్చుని, సంప్రదాయం గీసిన వేళల్లో నమిలే మనిషికి మొదటి మాట వర్తిస్తుంది. గాయపడిన మనసుతో, నిద్ర లేకుండా, ఒంటరిగా నమిలే మనిషికి రెండోది.

## నాలుగు గంటలు ఎవరివి

సనాలో పాత ఇళ్ల పై అంతస్తున 'మఫ్రజ్' అనే గది ఉంటుంది. గోడల చుట్టూ పరుపులు, దిండ్లు, కిటికీల్లోంచి ఊరంతా కనిపిస్తుంది. భోజనం కాగానే మగవాళ్లు అక్కడ చేరతారు. మొదటి గంటన్నర మాటలు జోరుగా సాగుతాయి: పెళ్లి సంబంధాలు, భూతగాదాలు, వ్యాపారం, రాజకీయం. తర్వాత ఒక్కొక్కరూ మౌనంలోకి జారిపోతారు. ఆ నిశ్శబ్ద వేళను 'సులేమాను గడియ' అంటారు. సాయంత్రానికి మనసు కిందికి దిగుతుంది. ఆడవాళ్లకు 'తఫ్రీతా' అనే వేరే కూటములున్నాయి. సమర్థించేవారు చెప్పేది ఇదే: మద్యం లేని సమాజంలో నలుగురూ కలిసేది, రాజీలు కుదిరేది ఇక్కడ. ఆ మాటలో నిజముంది.

ఇంట్లో ఉన్న భార్యాబిడ్డల వైపు నుంచి చూస్తే ఆ నాలుగు గంటలు, ఆ డబ్బు రెండూ వాళ్లకు దక్కవు. ప్రపంచ బ్యాంకు 2006 ప్రాంతంలో చేయించిన సర్వే ప్రకారం యెమెన్ మగవాళ్లలో 72 శాతం, ఆడవాళ్లలో మూడో వంతు నమిలేవారు. కుటుంబ ఖర్చులో సగటున పదో వంతు ఖాత్‌కే పోయేది. సగటులో పేదవాడి కష్టం కనిపించదు కాబట్టి లెక్క కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. రోజుకూలీ 100, నెలకు 26 రోజుల పని, రోజూ 25 పెట్టి ఒక కట్ట, ఇంట్లో ఆరుగురు. నెల సంపాదన 2,600. కట్టలు పనిలేని రోజున కూడా కొంటారు కాబట్టి 30 రోజులకు 750. మిగిలింది 1,850. తలకు రోజుకు 14 రూకలు రావాల్సిన చోట 10 వస్తాయి. ఆ తగ్గిన నాలుగులో పప్పు, పాలు, మందులు ఉంటాయి. ఆకు నిల్వ ఉండదు కాబట్టి ఒకేసారి చౌకగా కొని దాచుకునే వీలు కూడా లేదు. ప్రతి రోజూ నగదు తీయాల్సిందే.

పని గంటల నష్టం గురించి మాత్రం కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. ఖాత్ వల్ల పని చేయడం లేదా, పని లేక ఖాత్ నములుతున్నారా అన్నది రెండు వైపులా నడిచే బండి. మరోవైపు రాత్రిళ్లు లారీ నడిపేవాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు, పొలం పనివాళ్లు మెలకువ కోసం, ఎక్కువసేపు పనిచేయడం కోసమే నములుతారు.

## రైతు ఎందుకు వదలడు

ఇథియోపియాలోని హరార్ కొండలు కాఫీకి పేరు మోసినవి. అక్కడ కాఫీ తోటలు కొట్టేసి చాట్ వేసిన రైతుది అత్యాశ అనడం తేలిక. అతని లెక్క వేరు. కాఫీ ఏడాదికోసారి, ధర న్యూయార్క్ మార్కెట్ చేతిలో. చాట్ ఏడాదికి రెండు మూడు కోతలు, నీళ్లుంటే ఇంకా ఎక్కువ. పిల్లవాడి ఫీజు కట్టాలంటే రేపు పది కట్టలు కోసి అమ్మవచ్చు. ఆకు వాడిపోతుంది కాబట్టి దళారి గోదాములో దాచి ధర పడగొట్టలేడు. ఈ రోజు సరుకు ఈ రోజే అమ్మాలి, డబ్బు చాలావరకు అప్పటికప్పుడే చేతికొస్తుంది. హరార్ దగ్గరి అవదాయ్ సంత నుంచి రాత్రికి రాత్రే లారీలు, విమానాలు జిబూటీకి, సోమాలీ నగరాలకు కదులుతాయి. 2019-20లో ఇథియోపియాకు ఈ ఎగుమతి మీద 30 కోట్ల డాలర్లకు పైగా విదేశీ మారకం వచ్చింది. కెన్యాలో మేరు నుంచి నైరోబీ విమానాశ్రయం వైపు మిరా పికప్ వ్యాన్లు ప్రమాదకరమైన వేగంతో పరుగెత్తేదీ ఈ గడియారం వల్లే.

యెమెన్‌లో ఖాత్ ఒకప్పుడు స్థూల దేశీయోత్పత్తిలో 6 శాతం, వ్యవసాయ ఉత్పత్తిలో మూడో వంతు, ప్రతి ఏడుగురు పనివాళ్లలో ఒకరికి ఉపాధి. పట్నంలో కొన్న ప్రతి కట్ట డబ్బూ కొండ ఊళ్లకు చేరుతుంది. ఏ ప్రభుత్వ పథకమూ అంత క్రమం తప్పకుండా పల్లెకు డబ్బు పంపలేదు. వేల ఏళ్ల నాటి మెట్ల పొలాల రాతి గోడలు చాలాచోట్ల నిలబడి ఉన్నాయంటే వాటిని బాగుచేయించడానికి ఖాత్ డబ్బు ఉండబట్టే.

దీనికి ఎదురుగా నిలిచేది నీరు. యెమెన్‌లో వాడే నీటిలో 90 శాతం వ్యవసాయానిది, అందులో మూడో వంతుకు పైగా ఖాత్‌ది. సనా పరిసరాల్లో 1970లలో కొన్ని పదుల మీటర్లలో దొరికిన నీళ్లకు ఇప్పుడు వందల మీటర్ల బోర్లు దించుతున్నారు. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేసి అప్పుల పాలయ్యే రైతు కథ అనంతపురంలోనో, నల్గొండలోనో విడిగా చెప్పనక్కర్లేదు. అయితే ఒక చిక్కుముడి విప్పాలి. ఖాత్ స్వతహాగా నీరు తాగేసే మొక్క కాదు, ఎండకు ఓర్చుకుంటుంది. వానతో ఒకటి రెండు కోతలిస్తుంది. చలికాలంలో ఆకు కరువై ధర ఆకాశంలో ఉంటుంది. అప్పుడు చిగురు తెప్పించాలంటే నీళ్లు పెట్టాలి. దశాబ్దాల పాటు ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చిన చౌక డీజిల్ ఆ నీటిని దాదాపు ఉచితం చేసింది. రాయితీ పోయాక, యుద్ధంలో డీజిల్ కరువయ్యాక, సోలార్ పంపులు వచ్చాయి. వాటితో తోడితే ఖర్చే లేదు కాబట్టి ఆపే కారణమూ లేదు. గోధుమల్లో దాదాపు అంతా దిగుమతి చేసుకునే దేశం ఇది. తాగునీటి ట్యాంకరు కోసం జనం వరుసలో నిలబడే నగరం పక్కనే ఖాత్ తోటలు పచ్చగా ఉండటం చూసినవారికి కడుపు మండటంలో తప్పు లేదు. దోషం మొక్క ఒక్కదానికే అంటగడితే మాత్రం, రేపు అదే బోరు కింద ద్రాక్ష వేసినా నీళ్లు మిగలవు.

## నిషేధించినప్పుడు ఏం జరిగింది

దక్షిణ యెమెన్ రేవు పట్నం ఏడెన్‌లో బ్రిటిష్ పాలకులు 1957లో నిషేధించారు. జనం పొరుగున లహెజ్ హద్దు దాటి వెళ్లి నమిలి వచ్చేవారు, పన్ను ఆదాయమూ పోయింది, 1958లో ఎత్తేశారు. దక్షిణ యెమెన్ సోషలిస్టు ప్రభుత్వం 1970ల చివర్లో గురు, శుక్రవారాలకు పరిమితం చేసింది. అది చాలావరకు పనిచేసింది కూడా, ఎందుకంటే పూర్తిగా మూయకుండా వేళ గీసింది. 1990లో రెండు యెమెన్‌లు కలిశాక ఆ కట్టడి పోయింది. సోమాలియాలో 1983 నిషేధం దొంగ రవాణాకు దారి తీసింది.

బ్రిటన్ కథ వాదప్రతివాదాలకు మంచి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ సలహా మండలి 2013 జనవరిలో ఆధారాలు పరిశీలించి, ఆరోగ్య, సామాజిక నష్టాలకు ఖాతే కారణమని చెప్పగల రుజువు చాలదంది. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి 2014 జూన్ 24 నుంచి 'సి' తరగతి మాదకద్రవ్యంగా ప్రకటించింది. నెదర్లాండ్స్ అప్పటికే నిషేధించింది కాబట్టి బ్రిటన్ దొంగ రవాణాకు అడ్డా అవుతుందన్నది ఒక కారణం. కుటుంబాలు గుల్లవుతున్నాయని సోమాలీ మహిళలు కొందరు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఇంకొకటి, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. తాజా ఆకు బాహాటంగా దొరకడం ఆగిపోయింది. ఎండు ఆకు గ్రీన్ టీ, గోరింటాకు, మునగాకు పేరుతో పార్శిళ్లలో రావడం పెరిగింది. దెబ్బ పడింది మేరు రైతు మీద. 2020 మార్చిలో సోమాలియా కెన్యా మిరాను ఆపేసినప్పుడు, 2022 జూలైలో మళ్లీ తెరిచేదాకా, ఆ రైతు రెండోసారి దెబ్బతిన్నాడు.

అంతర్జాతీయ చట్టంలో ఖాత్ మొక్క లేదు. దానిలోని కాథినోన్ 1971 నాటి ఐరాస ఒప్పందం మొదటి జాబితాలో, కాథీన్ మూడో జాబితాలో ఉన్నాయి. దేశాల మధ్య గందరగోళానికి మూలం ఇదే. మన మాదకద్రవ్యాల నిరోధక చట్టం ఎన్‌డీపీఎస్‌లోనూ కాథినోన్ ఉంది కాబట్టి, ఇథియోపియా నుంచి తేయాకు పేరుతో వచ్చిన పార్శిలు ఇక్కడ కేసవుతుంది. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే తెలుగు అధ్యాపకులకు వీధిలో రోజూ కనిపించే చట్టబద్ధమైన ఆకు, అదే విమానంలో గల్ఫ్‌లో దిగితే నేరం. హైదరాబాద్ బార్కస్‌లోని యెమెనీ కుటుంబాల పూర్వీకులకు ఇది అలవాటేనా అని చాలామంది అడుగుతారు. వారు వచ్చింది తూర్పు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి. ఖాత్ పండేదీ, సంప్రదాయంగా నమిలేదీ పడమటి కొండ ప్రాంతం. హద్రమౌత్‌కు ఆ అలవాటు పెద్దగా వచ్చింది 1990 తర్వాతే.

## పంట మార్చగలరా

యెమెన్‌లోని హరాజ్ కొండల్లో ఖాత్ తోటలు పీకి కాఫీ మొక్కలు నాటించిన ప్రయత్నం ఒకటి ఉంది, దాని వెనక ఉన్నది మన దేశపు దావూదీ బోహ్రా సమాజం. అక్కడి అల్ హుతైబ్ వారికి పుణ్యక్షేత్రం. మతగురువు మాట, కాఫీకి మంచి ధర, నీటి తొట్ల నిర్మాణం కలిసొచ్చాయి కాబట్టి అది కొంత దూరం నడిచింది. వేరేచోట్ల మొక్కలు ఉచితంగా పంచిన పథకాలు తడబడేది ఒకే దగ్గర. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు. అంతవరకు వారం వారం చేతికొచ్చే ఖాత్ డబ్బు ఉండదు. అరెకరం మెట్ల పొలం ఉన్న రైతు ఒకేసారి అంతా పీకడు, అంచున రెండు వరుసల కాఫీ వేసి చూస్తాడు. పథకం లెక్కల్లో అది విఫలం. రైతు లెక్కలో మాత్రం ఆ రెండు వరుసలు కాసే నాటికి ధర నిలబడితే మూడో వరుస పడుతుంది.